శూన్యానికి కాపలా కాసిన ఆస్టన్

డిగ్రీలో ఫిజిక్సు చదివినవాళ్ళకు ఆస్టన్ మాస్ స్పెక్ట్రోగ్రాఫు పటం గుర్తుండే ఉంటుంది. వరసగా రెండు సన్నటి చీలికలు, వాటి వెనక రెండు పలకలు, ఆ తర్వాత అయస్కాంతానికి గుర్తుగా ఒక వృత్తం, చివర ఏటవాలుగా ఒక ఫోటో ప్లేటు. స్కేలు, వృత్తలేఖిని ఉంటే అయిదు నిమిషాల్లో గీసెయ్యవచ్చు. నేను విద్యార్థిగా గీశాను, లెక్చరరుగా బోర్డు మీద ఏటా గీశాను. ఆ పటంలో ముఖ్యమైనది ఒకటి ఉండదు. పంపు ఉండదు. పెట్టెలోంచి గాలి ఎలా పోయింది, పోయిన గాలి మళ్ళీ ఎందుకు రాలేదు అనే ప్రశ్న పాఠ్యపుస్తకానికి పట్టదు. ఆస్టన్ జీవితంలో మాత్రం సగం కాలం ఆ ప్రశ్నకే ఖర్చయిందని చెప్పాలి. మన యూనియన్ సంచికకు ఏదైనా రాయమని విద్యార్థులు అడిగినప్పుడు నాకు ముందుగా తోచింది ఆయన పేరే.

ఫ్రాన్సిస్ విలియం ఆస్టన్ 1877 సెప్టెంబరు 1న ఇంగ్లండులో బర్మింగ్‌హాం పక్కన ఉన్న హార్బోర్న్‌లో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో మూడోవాడు. తండ్రి లోహాల వ్యాపారి, కొంత వ్యవసాయమూ ఉండేది. తల్లి తుపాకులు తయారుచేసే వారి ఇంటి ఆడపడుచు. బర్మింగ్‌హాం అంటేనే పనిముట్ల ఊరు, కమ్మరి కొలుముల ఊరు. అలాంటి చోట, అలాంటి ఇంట్లో పుట్టినవాడికి చేతిపని రావడంలో వింతేమీ లేదు. మాల్వర్న్ కాలేజీలో చదువు ముగించుకుని 1893లో బర్మింగ్‌హాంలోని మేసన్ కాలేజీలో చేరాడు. అదే తర్వాత విశ్వవిద్యాలయమయింది. అక్కడ ఫ్రాంక్లండ్ రసాయనశాస్త్రం, పాయింటింగ్ భౌతికశాస్త్రం చెప్పేవారు. ఆస్టన్ మొదట నడిచింది రసాయనశాస్త్రం దారిలోనే. తండ్రి ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగశాల అమర్చుకుని అందులో కుస్తీలు పట్టేవాడు.

స్కాలర్‌షిప్పు డబ్బులతో ఎల్లకాలం బతకలేరు గదా. 1900లో ఒక బీరు కంపెనీలో రసాయనజ్ఞుడిగా ఉద్యోగంలో చేరి మూడేళ్ళు పనిచేశాడు. పులియబెట్టడంలో రసాయనశాస్త్రం చూసే పని. పగలు బీరు, రాత్రి ఇంటి దగ్గర గాజుగొట్టాలు. అప్పటికి రంట్జెన్ ఎక్స్ కిరణాలు కనిపెట్టి అయిదేళ్ళయింది. గాలి తీసేసిన గాజుగొట్టంలో విద్యుత్తు పంపితే ఎన్ని వింతలు కనిపిస్తాయో చూడాలని యూరపు అంతటా కుర్రకారుకు పిచ్చి పట్టిన రోజులవి. ఆ వింతలు చూడాలంటే ముందు గాలి తియ్యాలి. అప్పట్లో అందుకున్న మంచి సాధనం టోప్లర్ పంపు. అందులో పాదరసం నింపిన పాత్రను చేత్తో పైకెత్తాలి, దించాలి. ఎత్తినప్పుడల్లా పాదరసం పిస్టన్ లాగా లేచి కొంత గాలిని బయటికి నెడుతుంది. దించితే గొట్టంలో మిగిలిన గాలి మళ్ళీ వచ్చి ఖాళీని నింపుతుంది. మళ్ళీ ఎత్తాలి. పాదరసం నీటికి పదమూడున్నర రెట్లు బరువు. గంటల తరబడి ఆ పని చేసినవాడి భుజాలు ఏమవుతాయో ఊహించుకోవచ్చు. ఆస్టన్ తనంతట తానే నడిచే టోప్లర్ పంపు ఒకటి సొంతంగా తయారుచేసుకున్నాడు. గాజు ఊదడం, కొలతకు సరిగా లోహం కొయ్యడం, అతకడం, అన్నీ ఆయనే. 1902లో మోటారు ఇంజను కూడా ఒకటి చేసుకున్నాడట, అది వేరే కథ.

1903లో స్కాలర్‌షిప్పు మీద మళ్ళీ విశ్వవిద్యాలయానికి వచ్చి పాయింటింగ్ దగ్గర డిశ్చార్జి ట్యూబుల పని పట్టుకున్నాడు. ట్యూబులో రుణధ్రువం పక్కన చీకటి పట్టీలు ఏర్పడతాయని మనం చదువుకుంటాం. క్రూక్స్ చీకటి ప్రదేశం, ఫారడే చీకటి ప్రదేశం. వాటికి తోడు రుణధ్రువానికి అంటుకుని మరో సన్నటి చీకటి పొర ఉందని 1908లో హైడ్రోజన్, హీలియంలలో చూసి చెప్పినవాడు ఆస్టన్. దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. శూన్యం ఎంత శుభ్రంగా ఉంటే అంత చక్కగా కనిపించే విషయాల్లో అదొకటి. ఆ తర్వాత తండ్రి పోయాడు. వారసత్వంగా కొంత డబ్బు చేతికొచ్చింది. ఆస్టన్ ఓడెక్కి ప్రపంచం చుట్టి వచ్చాడు. హొనొలులులో అలల మీద పలకెక్కి జారే ఆట కూడా నేర్చుకున్నాడు. తిరిగి వచ్చి కొద్దికాలం బర్మింగ్‌హాంలో లెక్చరరుగా పనిచేశాక, 1910లో జె.జె.థామ్సన్ పిలుపు మీద కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలకు వెళ్ళాడు.

అసలు తగాదా అక్కడ మొదలయింది. అది అర్థం కావాలంటే వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1815 ప్రాంతంలో ప్రౌట్ అనే లండన్ వైద్యుడు మూలకాలన్నీ హైడ్రోజన్‌తో కట్టినవేనని, అందుకే పరమాణుభారాలు పూర్ణసంఖ్యల్లో ఉండాలని ఊహించాడు. ఊహ అందంగానే ఉంది. కాని తూచేకొద్దీ చెడింది. క్లోరిన్ 35.46 దగ్గర కూర్చుని కదలనంది. నియాన్ 20.2. సగంలో ఆగిన ఈ సంఖ్యలే ప్రౌట్ సిద్ధాంతాన్ని గోతిలో పెట్టాయి. ఇక ఒకే మూలకంలో వేరువేరు బరువుల పరమాణువులు ఉంటాయన్న మాట రేడియోధార్మిక పదార్థాల విషయంలో సాడీ చెప్పాడు. 1913లో వాటికి ఐసోటోపులని పేరూ పెట్టాడు. అవి రేడియం కుటుంబంలో వింతలు, మామూలు మూలకాలకు ఆ జబ్బు లేదని చాలామంది అనుకున్నారు.

థామ్సన్ ధనకిరణాలను విద్యుత్, అయస్కాంత క్షేత్రాల మధ్య వంచి, బరువును బట్టి ఫోటో ప్లేటు మీద పరావలయాలుగా విడదీసేవాడు. 1912లో నియాన్ పెట్టి చూస్తే 20 దగ్గర చిక్కటి గీత, పక్కనే 22 దగ్గర పలచటి గీత వచ్చాయి. ఆ 22 ఏమిటి? నియాన్‌కు రెండు హైడ్రోజన్లు అంటుకున్న సమ్మేళనమా? బొగ్గుపులుసు గాలి రెండు ఆవేశాలతో వస్తే 44లో సగం 22 అవుతుంది, అదా? కొత్త మూలకమా? లేక నియాన్‌లోనే రెండు రకాలున్నాయా? థామ్సన్ ఆ చివరి మాటకు తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. ఆస్టన్‌కు మాత్రం దాని మీదే గురి. నియాన్ రెండు రకాలయితే వాటిని వేరుచేసి చూపించాలని బయల్దేరాడు. ద్రవవాయువులో చల్లబరచిన బొగ్గు మీద మళ్ళీ మళ్ళీ అంశికస్వేదనం చేశాడు. ఏమీ తేడా రాలేదు. అప్పుడు పైపుమట్టి గొట్టాల సూక్ష్మరంధ్రాల గుండా వాయువును పోనిచ్చాడు. తేలికైనది కాస్త ముందు జారిపోతుందన్నది లెక్క. అలా వచ్చిన చిటికెడు వాయువును తూచడానికి స్ఫటికశిల దూలంతో సూక్ష్మమైన తక్కెడ కూడా తానే చేసుకున్నాడు. ఎన్నో ఆవృత్తుల తర్వాత ఒక కొస 20.15, మరో కొస 20.28 తూగాయి. తేడా ఉంది. కాని నోరు మూయించేటంత లేదు. 1913 అలా గడిచింది. 1914లో యుద్ధం వచ్చింది.

యుద్ధకాలమంతా ఆస్టన్ ఫార్న్‌బరోలో విమానాల కర్మాగారంలో ఉన్నాడు. ఆ రోజుల్లో విమానం రెక్కలంటే చట్రానికి కట్టిన బట్ట. దానికి పూసే వార్నిషుల మీద పని. అక్కడ లిండెమన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు తోడు దొరికాడు. నియాన్ మాట వచ్చినప్పుడల్లా ఇద్దరికీ వాదన. లిండెమన్ ఐసోటోపుల మాటకు సులభంగా లొంగలేదు. నాలుగేళ్ళు ప్రయోగం లేదు, వాదన మాత్రం ఉంది. ఆ నాలుగేళ్ళు వృథా అయ్యాయని చాలా పుస్తకాల్లో రాస్తారు. నేను అలా అనుకోను. పరావలయాలు చాలవు, గీతలన్నీ ఒకచోటికి పదునుగా కేంద్రీకరించే పద్ధతి కావాలని ఆయనకు గట్టిపడింది ఆ కాలంలోనే అయివుండాలి. ఎందుకంటే 1919లో కేంబ్రిడ్జికి వచ్చీ రాగానే యంత్రం కట్టడం మొదలుపెట్టి, ఏడాది తిరక్కుండానే ఫలితాలు బయటపెట్టాడు.

ఇక పటంలో లేని సంగతి చూద్దాం. మామూలు గాలిలో ఒక అణువు ఇంకో అణువును ఢీకొనకుండా ప్రయాణించే సగటు దూరం మిల్లీమీటరులో పద్నాలుగు వేలవ వంతు. ఇది జాతరలో నడక లాంటిది, అడుగు వేస్తే ఎవరో ఒకరు తగులుతారు. పీడనాన్ని పాదరసం మిల్లీమీటరులో వెయ్యో వంతుకు దించితే ఆ దూరం సుమారు 5 సెంటీమీటర్లవుతుంది. లక్షో వంతుకు దించితే 5 మీటర్లు. ఆస్టన్ కిరణం చీలికల నుంచి ప్లేటు దాకా వెళ్ళే దారి మీటరు లోపే. ఆ దారిలో ఎవరినీ తగలకుండా వెళ్ళాలంటే లక్షో వంతు స్థాయి శూన్యం కావాలి. తగిలితే దిశ మారుతుంది, కొన్ని అయాన్లు ఆవేశం పోగొట్టుకుంటాయి, గీత మసకబారుతుంది. గీత మసకబారిన చోట 35 ఎక్కడో 37 ఎక్కడో చెప్పలేం.

అంతవరకు సరే. చిక్కేమిటంటే, అదే యంత్రంలో ఇంకో కొసన డిశ్చార్జి ట్యూబు ఉంది. అది ఇరవై సెంటీమీటర్ల వ్యాసం గల పెద్ద గాజు బుడ్డి. దానిలో కొంత వాయువు ఉంటేగాని అయాన్లు పుట్టవు. పూర్తి శూన్యం చేస్తే వేల వోల్టులు పెట్టినా వెలగదు. అంటే ఒకే పాత్రలో ఒక మూల వాయువు ఉండాలి, ఇంకో మూల ఉండకూడదు. రెంటినీ తలుపుతో విడదీద్దామంటే కిరణం వెళ్ళడానికి దారి కావాలి. నాకు ఈ యంత్రంలో అన్నిటికంటె నచ్చేది ఆస్టన్ దీనికి చెప్పిన సమాధానమే. చీలికలనే తలుపులు చేశాడు. ఒక్కొక్క చీలిక వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, పొడవు రెండు మిల్లీమీటర్లు. రెంటి మధ్య దూరం పది సెంటీమీటర్ల వరకు. కిరణం సూటిగా వస్తుంది కనుక రెండు సందుల్లోంచి దూరిపోతుంది. దిక్కూ మొక్కూ లేకుండా తిరిగే వాయు అణువులకు ఆ సందు దొరకడం కష్టం. దొరికి లోపలికి వచ్చినవాటిని పట్టుకోవడానికి రెండు చీలికల మధ్య ప్రదేశానికి ప్రత్యేకంగా ఒక బొగ్గుగొట్టం అమర్చి, దాన్ని ద్రవవాయువులో ముంచాడు. కెమెరా భాగానికి ఇంకో బొగ్గుగొట్టం. ఇంటి గుమ్మానికీ వంటగదికీ మధ్య వసారా ఉన్నట్టు, బయటి దుమ్ము వసారాలోనే దిగిపోతుంది. ఈనాటి యంత్రాల్లో గదికొక పంపు పెట్టి చేసే పని ఇదే.

బొగ్గు ఏం చేస్తుందని విద్యార్థులు అడుగుతారు. బొగ్గు నిండా కంటికి కనపడని రంధ్రాలు. బాగా చల్లబడితే వాయువులు ఆ రంధ్రాల గోడలకు అంటుకుపోతాయి. ఈ గుణాన్ని శూన్యం కోసం వాడుకోవచ్చని చూపినవాడు డ్యూయర్. అందులోనూ కొబ్బరి చిప్పలు కాల్చిన బొగ్గు శ్రేష్ఠమని ఆయన తేల్చాడు. కోనసీమవాళ్ళు గర్వపడవచ్చు. కాని ఆ బొగ్గుతో ఒక ప్రమాదం ఉంది. ద్రవవాయువు ఉన్నంతసేపే అది కాపలాదారు. పాత్రలో ద్రవం ఆవిరై అడుగంటితే బొగ్గు వేడెక్కి, మింగిన వాయువునంతా ఒక్కసారిగా కక్కేస్తుంది. కాబట్టి ప్రయోగం జరుగుతున్నంతసేపూ ఎవరో ఒకరు పాత్ర నింపుతూ ఉండాల్సిందే. ఆస్టన్ ఒంటరిగా పనిచేసే మనిషి కనుక ఆ పని ఆయనదే అనుకోవాలి.

డిశ్చార్జి బుడ్డి వైపు కథ వేరు. అక్కడ వాయువును నింపి మూసెయ్యడం కుదరదు. డిశ్చార్జి జరిగేకొద్దీ గాజు గోడలు, లోహం కొంత వాయువును మింగుతాయి, కొంత విడుస్తాయి. పీడనం నిమిషానికో రకంగా ఉంటుంది. అందుకని పరీక్షించదలచిన వాయువును వెంట్రుకవాసి గొట్టం గుండా నిదానంగా లోపలికి కారనిస్తూ, అటువైపు గేడె అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1905లో కనిపెట్టిన తిరుగుడు పాదరసపు పంపుతో తోడేస్తూ ఉండేవాడు. వచ్చేది, పోయేది సమానమైతే పీడనం నిలుస్తుంది. కుళాయి కింద చిల్లికుండ పెట్టి నీటిమట్టం నిలబెట్టినట్టు. అంటే ఆస్టన్ యంత్రంలో లీకు శత్రువే కాదు, కావాలని పెట్టుకున్న సేవకుడు కూడా. కావలసిన లీకు ఒకటే ఉండాలి, అక్కర్లేని లీకు ఒక్కటీ ఉండకూడదు.

అక్కర్లేని లీకులు ఎన్ని దారుల్లో వస్తాయో ప్రయోగశాలలో పని చేసినవాళ్ళకు తెలుసు. ఇత్తడికీ గాజుకూ అతికిన మైనం చల్లబడి పగులుతుంది. స్టాపుకాకు గ్రీజు ఎండి గీత పడుతుంది. పోతపోసిన లోహంలో సూదిమొన కూడా దూరని రంధ్రం ఉంటుంది. ఇవన్నీ బయటి దొంగలు. ఇంటిదొంగలు ఇంకా కష్టం. లోహం మీద అంటుకున్న తేమ, గ్రీజు ఆవిరి, ఫోటో ప్లేటు మీది జెలటిన్ పొరలోని తడి, మర అడుగున చిక్కుకున్న గాలి రోజుల తరబడి నెమ్మదిగా ఊరుతూ ఉంటాయి. లీకు ఎక్కడా లేకపోయినా లీకు ఉన్నట్టే కనపడుతుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గదా. ఆ కాలపు ప్రయోగశాలల్లో పట్టుకునే పద్ధతులు మోటువి. గాజు మీద అధిక వోల్టేజి మొన తిప్పితే నిప్పురవ్వ సూదిరంధ్రంలోకి దూకి అక్కడ చుక్కలా మెరుస్తుంది. డిశ్చార్జి రంగు చూసి పీడనం పోల్చుకునేవాళ్ళు. ఎర్రనీలంగా ఉంటే గాలి ఎక్కువ. వెలుగు పోయి గాజు గోడ ఆకుపచ్చగా మెరుస్తుంటే శూన్యం బాగున్నట్టు.

అయితే ఆస్టన్ యంత్రానికి ఒక సౌకర్యం ఉంది. లోపల ఏ వాయువు ఉందో ప్లేటే చెబుతుంది. గాలి దూరితే 28 దగ్గర నత్రజని, 32 దగ్గర ఆమ్లజని గీతలు. పంపులోంచి ఆవిరి వస్తే 200 దగ్గర పాదరసం. గ్రీజు నుంచి వచ్చే కర్బన సమ్మేళనాలు 12 నుంచి వరసగా. మరొకరైతే ఈ చెత్తను చూసి విసుక్కునేవారు. ఆస్టన్ దాన్నే స్కేలు చేసుకున్నాడు. కర్బనం 12, మీథేన్, ఆమ్లజని 16, కార్బన్ మోనాక్సైడ్ 28. బరువు తెలిసిన ఈ గీతల మధ్య తెలియని గీత ఎక్కడ పడిందో కొలిస్తే దాని బరువు వస్తుంది. కచ్చితత్వం వెయ్యింటికి ఒకటి.

1919 చివరికి నియాన్ విషయం తేలిపోయింది. 20, 22. తొమ్మిదికి ఒకటి పాళ్ళలో కలిస్తే సగటు 20.2. తర్వాత క్లోరిన్. 35.46 దగ్గర గీతే లేదు! 35 దగ్గర ఒకటి, 37 దగ్గర ఒకటి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం నుంచి 36, 38. నూరేళ్ళుగా ప్రౌట్‌ను వెక్కిరించిన క్లోరిన్ రెండు పూర్ణసంఖ్యల మిశ్రమమని తేలింది. ఆమ్లజనిని 16 అనుకుంటే ఐసోటోపుల బరువులన్నీ పూర్ణసంఖ్యలకు దగ్గరగా వచ్చాయి. ఒక్క హైడ్రోజన్ మాత్రం 1.008 దగ్గర మొండికేసింది. ఆ మొండితనంలోనే అసలు రహస్యం ఉంది. నాలుగు హైడ్రోజన్లు కలిస్తే 4.03, హీలియం మాత్రం సుమారు 4. వెయ్యింటికి ఏడు వంతుల బరువు మాయం. మాయమైన బరువు ఐన్‌స్టైన్ లెక్క ప్రకారం శక్తి కావాలి. నక్షత్రాలు వెలిగేది ఇందువల్లనే కావచ్చునని ఎడింగ్టన్ 1920లోనే అందుకున్నాడు. గ్లాసెడు నీళ్ళలోని హైడ్రోజన్‌ను హీలియం చేస్తే వచ్చే శక్తితో మహా ఓడ ఒకటి అట్లాంటిక్ సముద్రం దాటి వెనక్కి రాగలదని ఆస్టన్ లెక్కగట్టి చెప్పేవాడు.

1921లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1922లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చాయి. అంతకుముందు ఏడాదికి ఆగిన బహుమతి సాడీకి కూడా అప్పుడే ఇచ్చారు. ఐసోటోపుల మాట చెప్పినవాడూ, వాటిని చూపినవాడూ ఒకే సభలో అన్నమాట. కొందరు బహుమతి వచ్చాక పరికరాన్ని శిష్యులకు అప్పగించి సభలకు అధ్యక్షత వహిస్తారు. ఆస్టన్ రెండో యంత్రం కట్టాడు. దాని కచ్చితత్వం పదివేలకు ఒకటి. పూర్ణసంఖ్యల నుంచి ప్రతి ఐసోటోపు ఎంత తప్పుతుందో కొలిచి 1927లో ఒక వక్రరేఖ గీశాడు. కేంద్రకాలు ఎంత గట్టిగా కట్టుకుని ఉన్నాయో చెప్పే రేఖ అది. ఈనాటి పుస్తకాల్లో బంధనశక్తి వక్రరేఖ దాని వంశంలోదే. ఆమ్లజని, గంధకం, సీసం, యురేనియం, ఏది దొరికితే అది. సహజంగా దొరికే 287 ఐసోటోపుల్లో 212 ఆయన ఒక్కడి చేతి మీదుగా బయటపడ్డాయి. ఆయన కొలిచిన ఖనిజ సీసం నిష్పత్తులతో రూథర్‌ఫర్డ్ 1929లో భూమి వయసుకు మూడువందల నలభై కోట్ల ఏళ్ళ హద్దు గీశాడు.

ఆయన దొరకబుచ్చుకోలేనివీ ఉన్నాయి. 1931లో యురేనియం హెక్సాఫ్లోరైడు ఆవిరితో చూస్తే 238 ఒక్కటే కనిపించింది. 235 ఉన్న సంగతి 1935లో షికాగోలో డెంప్‌స్టర్ బయటపెట్టాడు. ఇక హైడ్రోజన్ కథ మరీ విచిత్రం. 1927లో ఆస్టన్ దాని బరువు 1.00778 అన్నాడు. రసాయనజ్ఞులు తక్కెడతో తూచిన అంకె కూడా అదే. అందరూ సంతోషించారు. 1929లో ఆమ్లజనికి 17, 18 అనే ఐసోటోపులు ఉన్నాయని తేలింది. అప్పుడు రెండు అంకెలకూ తేడా రావాలి, ఎందుకంటే ఆస్టన్ కొలమానం ఒక్క 16 మీద, రసాయనజ్ఞులది మిశ్రమం మీద. తేడా రావడం లేదంటే హైడ్రోజన్‌లో కూడా బరువైన రకం ఒకటి, 4500కు ఒకటి పాళ్ళలో, ఉండి తీరాలని బర్జ్, మెంజెల్ వాదించారు. ఆ మాట పట్టుకుని యూరీ వెతికితే 1931లో భారజలజని నిజంగానే దొరికింది! ఆ తర్వాత 1935లో ఆస్టన్ హైడ్రోజన్ బరువును మళ్ళీ కొలిచి 1.0081 అని సవరించాడు. అంటే మొదటి అంకెలో తప్పు ఉంది. సరైన అంకె ముందే వచ్చి ఉంటే బర్జ్, మెంజెల్ వాదానికి ఆధారమే ఉండేది కాదు. యూరీ ఆ సంగతి తర్వాత బాహాటంగానే ఒప్పుకున్నాడు. నాలుగో దశాంశం తప్పయితే ఇంత మంచి జరగడం అరుదు.

మనిషిగా ఆస్టన్ ఎలాంటివాడంటే, పెళ్ళి చేసుకోలేదు, ట్రినిటీ కాలేజీ గదుల్లోనే జీవితం గడిపాడు. శిష్యబృందం లేదు. యంత్రం తానే కట్టి, తానే నడిపి, ప్లేటు తానే కడిగి, తానే కొలిచేవాడు. దీన్ని కొందరు గొప్పతనంగా చెబుతారు. నాకు అది కొంత నష్టమనే తోస్తుంది. అంత చేతివాటం ఎవరికీ నేర్పకుండా ఆయనతోనే పోయింది. శూన్యం ఎలా నిలబెట్టాలో పుస్తకం చదివి నేర్చుకునేది కాదు, గురువు పక్కన నిలబడి చూసి నేర్చుకోవాల్సింది. ప్రయోగశాల బయట మాత్రం ఒంటరి కాదు. ఆదివారాలు రూథర్‌ఫర్డ్ జట్టుతో గోల్ఫు, టెన్నిసు, మంచు మీద స్కీయింగు. పియానో, వయొలిన్, సెల్లో మూడూ వాయించేవాడు. ఫోటోలు తీసే పిచ్చి ఉంది. సూర్యగ్రహణాల వెంట 1926లో సుమత్రాకు, 1932లో కెనడాకు, 1936లో జపానుకు వెళ్ళాడు.

మూడో యంత్రం 1937 ప్రాంతంలో పూర్తయింది. మళ్ళీ యుద్ధం వచ్చింది. పరమాణుశక్తి ఏదో ఒకనాడు మనిషి చేతికి వస్తుందని, పక్కింటివాణ్ణి పేల్చడానికే దాన్ని వాడకుండా ఉంటే బాగుండునని ఆస్టన్ ఎప్పుడో హెచ్చరించాడు. ఆ పని జరిగింది ఆయన పద్ధతితోనే. అమెరికాలో ఓక్ రిడ్జ్ దగ్గర లారెన్స్ కట్టించిన కాల్యుట్రాన్లు భవనాలంత పెరిగిన మాస్ స్పెక్ట్రోగ్రాఫులే. యురేనియం 235ను 238 నుంచి అయస్కాంతంతో విడదీసినవి అవే. అక్కడే పక్కన కె-25 అనే కర్మాగారంలో యురేనియం హెక్సాఫ్లోరైడు వాయువును సూక్ష్మరంధ్రాల తెరల గుండా పంపేవారు. ఆస్టన్ పైపుమట్టి గొట్టాలతో నియాన్‌ను విడదీయబోయింది ఈ పద్ధతిలోనే. మైళ్ళ కొద్దీ గొట్టాలు, లెక్కలేనన్ని అతుకులు. ఎక్కడ సూదిమొనంత లీకున్నా తేమ గాలి దూరి వాయువును పాడుచేస్తుంది. దాన్ని పట్టడానికి మినసోటా విశ్వవిద్యాలయానికి చెందిన నీర్ చిన్న మాస్ స్పెక్ట్రోమీటరును తయారుచేసి, 4 అనే ఒక్క బరువు మీదే నిలబెట్టాడు. గొట్టం లోపలి గాలి తోడేస్తూ, బయట అతుకుల మీద హీలియం ఊదుతారు. ఎక్కడ చిల్లి ఉందో అక్కడ హీలియం లోపలికి దూరుతుంది, ముల్లు కదులుతుంది. గాలిలో హీలియం పది లక్షలకు అయిదు పాళ్ళే గనక పొరబాటు తక్కువ. లీకులకు భయపడుతూ పుట్టిన యంత్రం లీకులు పట్టే పనిలో చేరింది.

ఈనాటి మాస్ స్పెక్ట్రోమీటరు శూన్యం చెడితే తనను తాను కాపాడుకుంటుంది. మొదట రోటరీ పంపు గాలిని మిల్లీమీటరులో వందో వంతు దాకా తోడుతుంది. అప్పుడే డిఫ్యూజన్ పంపు గాని, నిమిషానికి వేలసార్లు తిరిగే టర్బో పంపు గాని పని అందుకుంటుంది. పిరానీ గేజి మోటు శూన్యాన్ని, అయాన్ గేజి సన్న శూన్యాన్ని చూస్తుంటాయి. పీడనం హద్దు దాటితే రిలే పడి, ముందు తీగకు కరెంటు, అధిక వోల్టేజి ఆగిపోతాయి. లేకపోతే ఎర్రగా కాగిన టంగ్‌స్టన్ తీగ గాలి తగిలీ తగలగానే కాలిపోతుంది. ఆ వెంటనే వాల్వు మూసుకుని యంత్రాన్ని పంపుల నుంచి వేరు చేస్తుంది. కరెంటు పోతే ఇంకో వాల్వు రోటరీ పంపులోకి గాలి వదులుతుంది. అది వదలకపోతే శూన్యం పంపులోని నూనెను పైకి పీల్చుకుంటుంది. వేసవి కోతలు చూసిన మన ప్రయోగశాలలకు ఆ చిన్న వాల్వు విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఆస్టన్‌కు ఈ రిలేలు, వాల్వులు లేవు. ఆయన కన్నే గేజి, ఆయన చెయ్యే రిలే.

హీలియంతో లీకు పట్టే ఆ పద్ధతి ఇప్పుడు మన దగ్గర కూడా నిత్యకృత్యమే. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో అణు ఇంధన కడ్డీల్లో హీలియం నింపి మూతలు వెల్డు చేశాక, లీకు లేదని మాస్ స్పెక్ట్రోమీటరు చెబితేనే అవి ముందుకు కదులుతాయి.

ఆస్టన్ 1945 నవంబరు 20న కేంబ్రిడ్జిలో కన్నుమూశాడు. హిరోషిమా మీద బాంబు పడి అప్పటికి మూడున్నర నెలలు. పెట్టుబడులు పెట్టడంలో మంచి నేర్పరి కనుక ఆస్తి బాగానే మిగిలింది. అందులో పెద్దభాగం ట్రినిటీ కాలేజీకి రాసిపెట్టాడు. 1919 నాటి మొదటి యంత్రం లండన్ సైన్సు మ్యూజియంలో ఉంది.